పదివేలలో ఒకటి

గుంతకల్లు. రైల్వే క్వార్టర్స్ వెనక వీధి.
రాత్రి ఒంటిగంటకు టెస్టు మళ్ళీ తప్పింది.
తొమ్మిదివేల తొమ్మిదివందల చిల్లర సార్లు
పచ్చగా నవ్విన కోడ్
ఒక్కసారి ఎర్రగా ఉమ్మింది.

ఫిర్యాదు పంపినదెవరో నాకు తెలీదు.
పేరుండాల్సిన చోట మూడక్షరాలు, ఒక పిల్లి బొమ్మ.
"మీ లైబ్రరీలో ఒకే మెసేజి రెండుసార్లు పోతోంది,
ఒక్కోసారి అసలే పోదు."
ఎప్పుడు? అని అడిగితే, చెప్పలేనన్నాడు.
ఎట్లా? అంటే,
"నేను చూడనప్పుడు."

నిజమే చెప్పినాడు.
ఎక్కడ జారుతోందో పట్టుకుందామని
నడుమ ఒక లాగ్ వాక్యం పెట్టినా.
తప్పు మాయం.
తీసేసినా. తిరిగొచ్చింది.
శెనక్కాయ చేన్లో అడివిపందులూ ఇంతే.
టార్చి వేస్తే గెనిమలు మాత్రమే కనిపిస్తాయి,
ఆర్పితే నమిలే చప్పుడు.

పగలు నేను మీసేవలో కూచుంటాను.
బీడీలు చుట్టి చుట్టి గీతలరిగిన వేళ్ళకు
తడిగుడ్డ ఇచ్చి, మళ్ళీ పెట్టమ్మా అంటాను.
రాత్రి, ఎవరూ జీతమివ్వని ఈ పని.
"ఊరికే పంచిపెడితే అది ఎవరిదైనట్టు?"
మేడ మీద అద్దెకుండే జులేఖ అడిగింది.
ఎవరిదీ కాదు,
తప్పొస్తే మాత్రం నాది.

రెండు థ్రెడ్లు.
ఒకటి క్యూలోకి తొంగిచూసి 'ఉంది' అనుకుంటుంది.
అనుకోవడానికీ చెయ్యి చాపడానికీ మధ్య
రెప్పపాటులో వెయ్యోవంతు సందు.
ఆ సందులో రెండోదీ తొంగిచూసి 'ఉంది' అనుకుంటుంది.
ఏదీ అబద్ధమాడలేదు.
అదే కష్టం.

టీ బంకు కాడ వన్నూరప్పకు చెప్పినా.
సింగిల్ లైన్ కాలంలో టోకెన్ పట్టిన మనిషి,
బెత్తపు చక్రం, దానికి తోలుసంచి, సంచిలో ఇనుప గుండు.
పోయే బండి పక్కన పరిగెత్తి అందించేటోడు,
చక్రం కొట్టిన చోట భుజం మీద ఇంకా నల్లగానే ఉంది.
"పట్టా ఒకటే, గుండు ఒకటే.
గుండు చేతికందకుంటే
కలెక్టరెక్కిన బండైనా కదల్దు పాపా."

ఇంటికొచ్చి లాక్ పెట్టినా.
పచ్చా రాలేదు, ఎరుపూ రాలేదు.
తెర మీద గీత ఆడుతా ఉంది,
ఫ్యాన్ తిరుగుతా ఉంది,
నాలుగు గంటలకు మద్రాసు మెయిల్ కూత కూడా వినిపించి పోయింది,
టెస్టు మాత్రం అట్లే నిలబడింది,
వాకిట్లో మొహమాటపడే చుట్టాల్లాగ
మీరు ముందు, కాదు మీరు.

పొద్దున్నే చెప్తే వన్నూరప్ప గ్లాసు కింద పెట్టి మరీ నవ్వినాడు.
"రెండు గుండ్లు పెట్టింటావు, చూసుకో."

చూసుకున్నా.
క్యూకొకటి, కనెక్షన్‌కొకటి.
ఇవతలిది మొదట అది పట్టి ఇదడుగుతుంది,
అవతలిది ఇది పట్టి అదడుగుతుంది.
జాగ్రత్త ఎక్కువై కట్టిన ముడి.
పదకొండు లైన్లు కొట్టేసి, మూడు రాసినా.
కొట్టేసిన వాటిలో నాలుగు
రెండేళ్ళ కింద నేనే గర్వంగా రాసుకున్నవి.

పదివేలు. పచ్చ.
ఇరవైవేలు. పచ్చ.
లాప్‌టాప్ అడుగు పెనంలా కాలింది,
కింద స్టీలు పళ్ళెం పెట్టి ఇంకో ఇరవైవేలు.
పచ్చ.
'తప్పు పోయింది' అని రాయబోయి
చెరిపేసి
'దొరికిన సందు మూసినాను' అని రాసినా.

మాపటికి పిల్లి బొమ్మ నుంచి జవాబు.
"కొత్త వెర్షన్‌తోనే పంపుతున్నా. థ్యాంక్స్."
దాని కిందే
"కొత్త వెర్షన్‌తోనే పంపుతున్నా. థ్యాంక్స్."

వేలు రెండుసార్లు తగిలిందో,
లేకపోతే

లైటార్పి
చీకట్లో చెవి పెట్టుకుని కూచున్నా.